వాత పెట్టిన టైరు

ఆయన పోయాడని చింతామణిలో ఒక పాత టైర్ల అంగడిలో తెలిసింది. అయ్యో అనే మాట నోట రాలేదు. ముఖం తెలియని వాళ్లు పోయారన్నా మామూలుగా అయ్యో అంటాం గదా, నాకు అది కూడా రాలేదు. బస్టాండు దగ్గర తిన్న బోండాల నూనె ఇంకా చేతికి అంటుకుని ఉంది. పంచెకు తుడుచుకోబోయి, మరిచిపోయి, ఆ చెయ్యి అట్లాగే గాల్లో పెట్టుకుని నిలబడ్డాను.

నేను పోయింది బండి చక్రాల కోసం. మా ఎద్దుల బండికి కట్టె చక్రాలు తీసేసి రబ్బరువి వేయిద్దామని చాలా రోజులుగా అనుకుంటున్నాను. లారీలకు పనికిరాని టైర్లు చింతామణిలో దొరుకుతాయంటే మండికల్ నుంచి బస్సెక్కాను. అంగడాయన ఒక టైరును గోడకు ఆనించి, వేలి కణుపులతో మూడుసార్లు కొట్టి, కళ్లు మూసుకుని చెవి దగ్గర పెట్టాడు.

"బతికే ఉండాదప్పా" అన్నాడు.

ఆ మూడు దెబ్బలూ, ఆ కళ్లు మూసుకోవడం, ఆ మాటా ఈయనవి కావు.

"ఇట్ల కొట్టి చూసేది నీకెవురు నేర్పిచ్చినారప్పా?" అని అడిగాను.

"ఇల్లు బండి డ్రైవరని ఒకాయన ఉండె. టైర్ల సంగతి ఆయనకు తెలిసినంత ఈ చుట్టుపక్కల ఎవురికీ తెలీదు. మొన్న కార్తీకంలో పొయ్యె పాపం. బంగారట్లాంటి మనిషి."

బంగారమట.

ఆయన పేరు ఇక్కడ రాయను. మా ఇంట్లో పదేళ్లుగా ఎవరూ ఆ పేరు పలకలేదు, ఇప్పుడు కాగితం మీద పెట్టి దానికి మర్యాద చేయడం నాకిష్టం లేదు.

మొదటిసారి ఆయన మా ఊరికి ఇంటితో సహా వచ్చాడు. లడాయి అయిపోయాక మిలిటరీవాళ్లు వదిలించుకున్న లారీ ఒకటి సంపాదించి, దాని వీపు మీద చెక్కతో ఇల్లు కట్టించాడు. లోపల రెండు పక్కలా పడుకునే బల్లలు, వెనక మూలన వంటకు రేకు పరిచిన చోటు, పైన నీళ్ల డ్రమ్ము, కిటికీలకు ఇనప కమ్మీలు. అందులో జనాన్ని కాశీయాత్రకు తీసుకుపోవాలని ఆయన ఆలోచన. దోవలోనే వండుకుని, తిని, పడుకుని, నెలన్నరలో కాశీ చూసి రావచ్చునట. దానికి సర్కారు నుంచి పర్మిట్టు రావాలి. వచ్చేదాకా బండిని ఎక్కడైనా నీడన పెట్టుకోవాలి.

మాకు ఒక పెద్ద కొట్టం ఉండేది. మా నాయన పట్టుపురుగులు మేపడానికని కట్టించాడు. రాతి కూసాలు, పైన బండలు, నడి ఎండాకాలం కూడా లోపల చల్లగా ఉండేది. ఒక ఏడు పురుగులన్నీ రోగమొచ్చి చచ్చాయి. మరుసటి ఏడు నాయన పోయాడు. ఆ పై వానాకాలంలో కొట్టానికి ఒక పక్క గోడ కూలిపోయింది. ఆ కూలిన పక్కనుంచే ఇల్లు బండి లోపలికి వచ్చింది.

"బాడుగ ఏమి తీసుకుంటావమ్మా?" అని ఆయన మా అమ్మను అడిగాడు.

మా అమ్మ బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. "దీంట్లో కాశీకి పోతారా అప్పా?"

"పోతారమ్మా."

"ఆడోళ్లు గూడానా?"

"ఆడోళ్ల కోసరమే గదమ్మా కట్టిచ్చింది. లేకుంటే వంటకు తావెందుకు?"

"అట్లయితే బాడుగ వద్దు. నన్నొకసారి తీసకపో."

ఇంకొకరయితే నవ్వేవాళ్లు. ఆయన నవ్వలేదు. "మొదటి తావు నీదేనమ్మా, గుర్తుకు ఏమన్నా ఇయ్యి" అన్నాడు. అమ్మ అప్పటికప్పుడు కొంగు చివర వేలెడు పీలిక చించి ఇచ్చింది. ఎర్రంచు నేతచీర అది. ఆయన దాన్ని తలుపు పక్క మొదటి కిటికీ కమ్మీకి మూడు ముళ్లు వేసి కట్టాడు. బస్సులో చోటు పట్టుకోవడానికి తుండుగుడ్డ వేస్తాం చూడండి, అట్లా. అమ్మ ఆ ముళ్లను వేలితో ముట్టి చూసింది.

మా అమ్మ చింతామణి దాటి ఎప్పుడూ పోలేదు. నాయనా ఆమే కలిసి కాశీ చూడాలని మొక్కుకున్నారు. వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటూనే నాయన పోయాడు. ఇద్దరి మొక్కూ ఇప్పుడు ఆమె ఒక్కతే తీర్చాలి. ఇల్లు బండి మా కొట్టంలోకి వచ్చిన రోజు నుంచి ఆమెకు అది తీరిపోయినట్లే.

ఆయన టైర్ల పని మొదలుపెడితే చూడాల్సిందే. ముందు రెండు అరచేతులూ చొక్కాకు తుడుచుకునేవాడు, తర్వాత ఖాకీ నిక్కరుకు, తర్వాత మళ్లీ చొక్కాకు. చేతికి ఏమీ లేకపోయినా సరే, అంతా అయ్యాకే టైరును తాకేవాడు. తర్వాత కణుపులతో మూడు దెబ్బలు, కళ్లు మూసుకోవడం, "బతికే ఉండాది" అనడం. ఆరు చక్రాలకూ ఆరుసార్లు. పైన కట్టిపెట్టిన అదనపు టైరుకు ఏడోసారి.

"రబ్బరంటే చెట్టు పాలప్పా" అని నాకు చెప్పేవాడు. పాలమ్ముకునే ఊరివాళ్లకు ఎట్లా చెబితే తలకెక్కుతుందో ఆయనకు బాగా తెలుసు. "ఆవుపాలు ఎండలో పెడితే ఏమైతాది? ఇరిగిపోతాది. ఇదీ అంతే. ఎండ పడదు. నూనె పడదు. పశువుల పంచితం పడదు. ఒకే తావున కూచోబెడితే అసలే పడదు."

జాకీతో ఇరుసులు లేపి, కింద రాతి దిమ్మెలు పెట్టించాడు. చక్రాలు నేలకు బెత్తెడు ఎత్తున నిలిచాయి. కింద పొడి ఇసుక పోయించాడు. గోనెసంచులు చీల్చి చక్రాలకు తొడుగులు కుట్టించి, వాటిని సున్నం నీళ్లలో ముంచి ఆరబెట్టించాడు. తెల్లగా ఉంటే వేడి పట్టదట. గాలి పూర్తిగా తియ్యనివ్వడు, నిండుగా ఉంచనివ్వడు. కొట్టంలో ఆవును కట్టనివ్వలేదు. ఎలుకలు చేరతాయని గడ్డివామిని కూడా అవతలికి జరిపించాడు. సోమవారం సోమవారం ఒక్కో చక్రాన్ని కాలు భాగం తిప్పాలి, తిప్పినచోట సుద్దముక్కతో గీత గీయాలి. మా ఎద్దులకు వాటి బతుకులో ఇంత మర్యాద జరగలేదు.

ఒకసారి మా ఊరి లెక్కలు రాసే శానుభోగు బండి చూద్దామని వచ్చి, తుడవడానికి కిందికి దించిన అదనపు టైరు మీద కూర్చుని ఆకువక్క నములుతున్నాడు. ఆయన ఎదురుగా పోయి చేతులు కట్టుకుని, "లేసి నిలబడండి సామీ. మీరు కూచున్నేది పాల మీద" అన్నాడు. శానుభోగు లేచి పంచె దులుపుకుని మరీ చూసుకున్నాడు. ఊళ్లో వారం రోజులు ఇదే నవ్వు.

ఆయన చిక్కబళ్లాపురంలో ఎవరిదో లారీ తోలుతూ, నెలకొక సోమవారం వచ్చేవాడు. మజ్జిగ ఇస్తే నిలబడే తాగేవాడు. మా ఇంట్లో ఒక్కరోజు కూడా కూర్చోలేదు. "కూచోప్పా" అని అమ్మ అంటే, "కూచుంటే గాలి దిగిపోతాదమ్మా" అనేవాడు. అన్నం కూడా బండి ఎక్కి, తన మూలన తనే వండుకుని తినేవాడు. ఏ ఊరి మనిషో సరిగ్గా ఎవరికీ తెలియదు. బాగేపల్లి వాళ్లు చింతామణి మనిషన్నారు, చింతామణి వాళ్లు బాగేపల్లి మనిషన్నారు. మేము అది కూడా ఆయన పెద్దతనమే అనుకున్నాం.

నాకు అన్నదమ్ములు లేరు. ముప్పై ఏళ్లు వచ్చి, సేద్యం నెత్తిన వేసుకున్న మనిషినై ఉండి, నేను ఆయన్ను నోరారా అన్నా అని పిలిచాను. ఆయన చెప్పినదల్లా నాలుగు ఊళ్లలో చెప్పుకున్నాను. నా భార్య పుట్టింటికి కెంచార్లహళ్ళికి పోతే అక్కడి మగవాళ్లను కూర్చోబెట్టి రబ్బరు ఎట్లా పుడుతుందో, ఎట్లా చస్తుందో వివరించాను. ఆ టైర్ల మీద ఎండ పడితే పడే బాధ, మా ఇంటిముందు పాలు ఎండలో పెట్టినా పడేవాణ్ని కాదు. అంతగా ఆయన మాయలో పడ్డాను.

చక్రాలు తిప్పే పని నాకు అప్పజెప్పాడు గానీ, దుక్కులు మొదలయ్యేసరికి అది అమ్మ చేతికి పోయింది. ఆమెకు అది భారం కాలేదు. సోమవారం ఎటూ శివుడి రోజు. తలస్నానం చేసి, తడి జుట్టు ముడేసుకుని, తొడుగులు తీసి, "రొవంత తిరగమ్మా, కాశీ శానా దూరముండాది" అంటూ ఒక్కో చక్రాన్ని తిప్పేది. తిప్పి, సుద్దగీత గీసి, తొడుగు వేసేది. ఆరూ అయ్యాక మెల్లగా బండెక్కి తన పీలిక కట్టిన కిటికీ దగ్గర కాసేపు కూర్చునేది. ఒకరోజు చేనినుంచి వస్తూ చూశాను. రాళ్ల మీద నిలబెట్టిన బండిలో కూర్చుని, కిటికీలోంచి మా పేడదిబ్బను చూస్తోంది. ముఖం మాత్రం గంగ ఒడ్డున కూర్చున్న మనిషి ముఖం. నేను చప్పుడు చేయకుండా పక్కకు తప్పుకున్నాను.

కాశీకి పోయినవాళ్లు తమకు ఇష్టమైన కాయో పండో అక్కడ వదిలేసి రావాలి గదా. మా అమ్మ పితికిపప్పు వదులుతానని తీర్మానించింది. చలికాలం వస్తే మా పక్క అనపకాయలు లేని ఇల్లు ఉండదు. ఆ గింజలు నానబెట్టి, పొట్టు పితికి చేసే పప్పంటే ఆమెకు ప్రాణం. "వదిలేది పనికిరానిదైతే దేవుడికి తెలీదా?" అనేది. ఆ ఏటి చలికాలం ఇదే ఆఖరు అనుకుని రెండు పూటలా తిన్నది. పర్మిట్టు రాలేదు. మరుసటి ఏడు మళ్లీ ఇదే ఆఖరు అనుకుని తిన్నది. మేము ఎగతాళి చేస్తే, "ఆఖరు రెండుసార్లు తింటే తప్పా?" అని తనే నవ్వేది.

రెండో ఎండాకాలంలో జరిగింది ఆ నూనె సంగతి.

గోడ కూలిన పక్కన మధ్యాహ్నం ఎండ కాస్త లోపలికి వచ్చేది. ఆ పక్క ముందు చక్రానికి వెంట్రుకంత సన్నంగా పగుళ్లు కనిపించాయి. అమ్మ చూసింది. ఆమె పుట్టి పెరిగిన ఇంట్లోనూ మా ఇంట్లోనూ బావినుంచి నీళ్లు తోడే కపిల తోలు ప్రతి ఎండాకాలం పగులుతుంది, ప్రతిసారీ దానికి కానుగ నూనె కాచి పట్టిస్తారు. అట్లా పట్టించకపోతే ఆ ఇంటి ఆడవాళ్లకు పని రాదంటారు. ఆమె కూడా నూనె గోరువెచ్చగా కాచి, బిడ్డకు ఒళ్లు మర్దించినట్లు ఆ చక్రానికి మొత్తం పట్టించింది. నూనె అయిపోయింది కాబట్టి ఒక్క చక్రంతో ఆగింది.

ఆ మరుసటి సోమవారమే ఆయన వచ్చాడు. తొడుగు తీసి, వేలితో తాకి, వాసన చూశాడు.

"ఎవురు పూసింది?"

"నేనే అప్పా" అంది అమ్మ. మెచ్చుకుంటాడనే అనుకుంది పాపం. "పగుళ్లు వచ్చింటే చూసి, తోలుకు పెట్టినట్ల రొవంత నూనె పెడితి."

ఆయన నేల మీద కూర్చున్నాడు. మా ఇంట ఆయన కూర్చోవడం అదే మొదలు. తలమీద రెండు చేతులూ పెట్టుకుని, "పాయమ్మా. ఈ టైరు పాయ. నూనె లోపలికి పురుగు తొలిచినట్ల తొలుస్తాది. పైకి ఏమీ కనపడదు. కాశీ దోవలో యాడో ఒక తావున ఢామ్మని పగిలి ముప్పై మందిని చంపుతాది" అన్నాడు.

"తెలీకపాయ అప్పా" అని అమ్మ ఒక్క మాట అంది.

ఆమెకు తెలియదు, నిజమే. నాకు తెలుసు. నూనె పడదని ఆయన నాతో ఏడాదిన్నర కింద చెప్పాడు, తర్వాత పదిసార్లు చెప్పాడు. కెంచార్లహళ్ళిలో అందరికీ చెప్పినవాణ్ని, చక్రాలు తిప్పే మా అమ్మకు చెప్పలేదు. అన్నా, తప్పు ఆమెది కాదు నాది, అనే మాట నోటిదాకా వచ్చింది. ఆయన కళ్లలో నేను చులకనవుతానని మింగేశాను. ఆయన ఒకసారి నావైపు చూశాడు. ఆయనకు అర్థమైందనే అనుకుంటాను. అయినా నింద ఆమె మీదే వేశాడు, నేనూ పడనిచ్చాను.

ఆ చక్రాన్ని కుంకుడు రసంతో మూడుసార్లు కడిగించాడు. తర్వాత పిడకల మంట వేయించి, ఇనప కమ్మీ ఎర్రగా కాల్చి, టైరు పక్కభాగం మీద అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి రెండు గీతలు కాల్చాడు. గొడ్డుకు రోగమొస్తే వాత పెడతాం గదా, సరిగ్గా అట్లాగే. కాలిన రబ్బరు కంపు ఇల్లంతా పట్టింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చివరిదాకా చూసింది.

"ఈ గుర్తుండే చక్రాన్ని నమ్మొద్దు" అన్నాడు ఆయన.

రెండు నెలలకు పర్మిట్టు వచ్చిందని ఆయనే వచ్చి చెప్పాడు. "అన్నీ వచ్చెనమ్మా. టైరొకటే లేదు. కోటాలో వస్తేనే గాని దొరకదు." అంతకుముందు ఏడాదిన్నర పర్మిట్టు రావాలి అన్న మనిషి, ఆ తర్వాత నెల నెలా టైరు రావాలి అన్నాడు. ఒక సాకు అయిపోయిన చోటే ఇంకొకటి మొదలైందని నాకు అప్పుడు తట్టలేదు. మా అమ్మకైతే తట్టే వీలే లేదు. కాశీ ఆగిపోయింది తన చేతి వల్లేనని ఆమెకు నమ్మకం కుదిరింది. ఆ చలికాలం పితికిపప్పు ముట్టలేదు. "కాశీలో వదల్తానంటివి గదా" అని నేనంటే, "పోయేదాన్నే నేను చెడగొడితిని, ఇంగ తినేదానికి మొగమెట్ల వస్తాది?" అంది.

శివరాత్రి దాటిన సోమవారం ఆయన వచ్చాడు. ఎప్పుడూ లేని హడావిడి. "చిక్కబళ్లాపురంలో టైరు దొరికెనమ్మా. బండి ఆడికే తీసకపోయి మార్చుకొని వస్తా. ఉగాది మర్నాడు పెట్టె సర్దుకొని తయారుగా ఉండు."

"ఆ చక్రంతోనే పోతావా అప్పా?" అంది అమ్మ.

"నిదానంగా పోతానమ్మా. నడిచే మనిషి కంటే నిదానంగా."

దిమ్మెలు తీసింది నేనే. ఆరు చక్రాలూ నేలకు ఆనాయి. ఒక్కదానికీ నొక్కు లేదు, సొట్ట లేదు. మూడు చలికాలాలు మా అమ్మ సోమవారం తప్పకుండా తిప్పిన చక్రాలు అవి. ఎంత బాగా చూసుకున్నామో అంత మెత్తగా మా కొట్టంలోంచి బయటికి పోయాయి. అమ్మ వాత పెట్టిన చక్రం పక్కనే, దాన్నే చూసుకుంటూ, ఊరి చివరిదాకా నడిచింది. ఆయన కిటికీలోంచి చెయ్యెత్తి దండం పెట్టాడు.

ఉగాది మర్నాడు ఆమె ఇనప పెట్టె సర్దుకుని అరుగు మీద కూర్చుంది. ఆ మర్నాడూ కూర్చుంది. మూడో రోజు పెట్టె లోపల పెట్టేసి, "పగిలింటాది రా" అంది. "పోయి చూసిరా. యాడ పడి ఉండాడో ఏమో."

చిక్కబళ్లాపురంలో ఇల్లు బండిని చూసినవాళ్లు లేరు. బండి అసలు అటు రానేలేదు. అనుమానం వచ్చి బాగేపల్లి బస్సెక్కాను. కాశీకి పోవాలంటే ఆ ఊరి మీదుగానే పోవాలి. అక్కడ రోడ్డు పక్క కాఫీ హోటలాయన్ను అడిగాను.

"కాశీ బస్సా? ఉగాదికి ముందే పొయ్యె గదప్పా. చింతామణి జనం నిండుగా ఉండిరి. ఈడే నిలిపి కాఫీ తాగి, నిమ్మకాయలు తొక్కిచ్చి, భజన చేసుకుంటా పోతాండిరి."

"డ్రైవరు ఎట్లుండె?"

"ఎట్లుండేది? దిగి ఆరు చక్రాలూ వేళ్లతో కొట్టి చూసుకొనె. నవ్వుకుంటా పొయ్యె."

హోటలాయన ఇచ్చిన కాఫీ అక్కడే వదిలేసి వచ్చేశాను. ముప్పై మందికి చోటున్న బండిలో ఒక ముసలిదానికి మూలన చోటు లేకపోయిందా? డబ్బున్న చింతామణి వాళ్ల మధ్య మా పల్లె మనిషి ఎందుకనుకున్నాడా? చోటు ఇవ్వనని ముందే చెప్పి ఉంటే కొట్టం ఇచ్చేవాళ్లం కాదా? ఇచ్చేవాళ్లమే. మా అమ్మ ఎవరికైనా ఇచ్చేది. అది తెలిసీ అబద్ధం చెప్పాడు చూడండి, దానికే నా కడుపు మండింది.

ఇంటికి వచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది.

"కనపడలేదమ్మా" అన్నాను.

మోసపోయిందని చెప్పి ఆమె మనసు విరవకూడదు అనుకున్నాను. అప్పుడు నాకు అదే మంచిపని అనిపించింది.

రెండు రోజుల తర్వాత కొట్టంలో మడిచి పెట్టిపోయిన గోనె తొడుగులు తీశాను. ఆయన మనిషి ఎంత పొందికైనవాడో, ఆరింటినీ ఒకే కొలతకు మడిచాడు. పై తొడుగు మడతలో ఎర్రంచు పీలిక ఉంది. మూడు ముళ్లూ విప్పి, నలగకుండా మడిచి పెట్టాడు. అంటే బండి కదలకముందే విప్పాడు. చెయ్యెత్తి దండం పెట్టేటప్పటికే ఆ కిటికీ ఇంకొకరిది. పీలికను నా పెట్టె అడుగున దాచేశాను, అమ్మకు చూపలేదు.

మరుసటి సోమవారం పొద్దున అమ్మ తలస్నానం చేసి కొట్టంలోకి పోయింది. చక్రాలు లేవు గదా, ఏం చేస్తుందని వెనకే పోయాను. ముందు చక్రం ఉన్నచోట దిమ్మె మీద ప్రమిద పెట్టి, కానుగ నూనె పోసి దీపం వెలిగించింది.

"ఎందుకమ్మా ఇది?"

"నా చేత్తో చచ్చినోడు రా. దీపమన్నా పెట్టద్దా?"

ఆయన అప్పుడు ఎక్కడో గంగలో మునుగుతూ ఉండి ఉంటాడు. ఇక్కడ మా అమ్మ ఆయన్ను చంపేశానని దీపం పెడుతోంది. చెప్పేయాల్సింది నేను ఆ నిమిషమే. చెబితే, బాగేపల్లి నుంచి వచ్చి ఎందుకు దాచావని అడుగుతుంది. నూనె పడదని నీకు ముందే తెలుసా అని కూడా అడిగితే? ఆ భయంతో రెండోసారి నోరు మూసుకున్నాను. ఆమె రెండేళ్లు ప్రతి సోమవారం ఆ దిమ్మె మీద దీపం పెట్టింది. పితికిపప్పు మళ్లీ ముట్టలేదు. ఎవరింట్లో బస్సు మాట వచ్చినా లేచి వచ్చేసేది. మంచం పట్టిన చివరి రోజుల్లో నన్ను దగ్గరికి పిలిచి, "ఆ చక్రం యాడ పగిలింటాది రా? ఎంతమంది పోయింటారు?" అని అడిగింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. అంతే చేశాను.

ఆయన ఆ తర్వాత చింతామణిలోనే మకాం పెట్టాడని విన్నాను. ఏటేటా కాశీకి జనాన్ని తీసుకుపోయాడు. మా ఊరినుంచి చింతామణి ఎంత దూరం? బండి మీద ఒక పగలు. ఆయన ఒక్కసారీ రాలేదు. నేనూ పోయి చొక్కా పట్టుకుని అడగలేదు. అడిగితే ఆయన నన్ను ఏమడుగుతాడో నాకు తెలుసు.

మొన్న అంగడాయన బంగారట్లాంటి మనిషి అని పొగిడి, లోపలికి పోయి ఒక టైరు దొర్లించుకుంటూ వచ్చాడు. "నీ బండికి ఇది ఏసుకోప్పా. ఆయన బండిదే. పైన రెండుసార్లు కొత్త రబ్బరు ఏయిచ్చినాడు, పక్కలు మాత్రం మొదటివే. చూడు ఎట్లుండాయో."

చూశాను. పక్కభాగం మీద అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, రెండు కాలిన గీతలు.

"ఈ వాత ఏమిటికి అంటే చెప్పేవాడు కాదు" అన్నాడు అంగడాయన. "దీన్ని మాత్రం ఎప్పుడూ ముందర చక్రానికే ఏసేవాడు. ఇది పగలదప్పా, దీనికి ఒక తల్లి నూనె రాసింది అని నవ్వేవాడు. నూనె రాస్తే టైరు చెడిపోదా అని నేనంటే, ఒక్కసారి రాసి కడిగేస్తే ఏమి చెడతాది, అనేవాడు."

కడిగించిన రోజే ఆయనకు తెలుసన్నమాట. పిడకల మంట వేయించిన రోజే తెలుసు.

అంగడాయన ఇంకా ఏదో చెబుతూనే ఉన్నాడు. నేను టైరు ముందు గొంతుక్కూర్చున్నాను. చేతికి బోండాల నూనె అట్లాగే ఉంది. తుడుచుకోలేదు. ఆ వాత మీద అరచెయ్యి గట్టిగా ఆనించి, నూనె మొత్తం దానికి పట్టేదాకా రుద్దాను.

"పగల్లేదమ్మా" అన్నాను పైకే. "ఎవురూ చావలేదు."